పరంగి కాడల కచేరీ

ధర్మవరంలో నేను సన్నాయి ఎత్తినానంటే మూడు వీధుల్లో మగ్గాలు నిలిచిపోయేవి. నేసేవాళ్లు చేతిలో నాడె అట్లనే వదిలేసి, మగ్గం గుంతలోంచి లేచి వాకిట్లోకి వచ్చేవాళ్లు. తలంబ్రాలు పోస్తున్న పెండ్లికూతురు చెయ్యి ఆపి నా వైపు చూసేది. ఒకసారి పందిట్లో కట్టిన అరటిచెట్టు కూడా నా వైపు వంగింది.

ఇదంతా పెనుకొండలో, కొండ కింద బడిలో పిల్లకాయలకు నేను చెప్పిన మాట. ఒకసారి కాదు, దాదాపు ప్రతి శనివారమూ చెప్పినాను. చెప్పినప్పుడల్లా ఒక వీధి పెరిగేది.

మగ్గాలు నిలిచిన మాట నిజమే. అది అన్నం వేళ. అరటిచెట్టు వంగిన మాటా నిజమే. దాన్ని సరిగా కట్టలేదు. మిగతాది ఒప్పుకునేదానికి నాకు కొంచెం టైం కావాల. ముందు ఆ బడిలోకి నేనెట్ల పోయినానో చెప్తాను.

బడి గోడ పక్కనే టీ అంగడి. పొద్దున్నే అక్కడ కూర్చోవడం నాకు అలవాటు. రెండేళ్ల కిందట ఒక పొద్దు, బడికి పోనని రోడ్డుమీద పడి దొర్లుతున్న ఒక చిన్నోణ్ణి చూసి, పక్కన రాలి పడిన టెంకాయ మట్టలోంచి ఒక ఆకు చీల్చి, ఈనె తీసేసి, చుట్టి, కొస నొక్కి, పీక చేసి ఇచ్చినాను. వాడు ఏడుపు ఆపి ఊదినాడు. పీ మనింది. అంతే, ఇంకొకడు వచ్చినాడు. ఇద్దరు ఆడపిల్లలు వచ్చినారు. ప్రార్థన గంట కొట్టే వేళకు ఆ మట్టకు ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. లోపల నలభై పీకలు ఒకేసారి మోగినాయి.

పెద్ద టీచరమ్మ బయటికి వచ్చింది. ఆమెది హిందూపురం, రోజూ బస్సులో వచ్చిపోతుంది. మాట కటువు.

"ఎవరప్పా ఈ పని చేసింది?"

"మీ ప్రార్థనలో శ్రుతి లేదు మేడం. అది కలిపినా" అన్నాను.

ఇట్ల అన్నానని చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి లేచి నిలబడి, టీ గ్లాసు వీపు వెనక దాచి, "తప్పయిపోయింది మేడం" అన్నాను. ఆమె ఒక పిల్ల చేతిలోంచి పీక లాక్కొని అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్లకాయలు లోపలికి పోయినాక, తుడిచి, తనే నోట్లో పెట్టుకొని ఊదింది. పలకలేదు. ఇంకోసారి ఊదింది.

"పెదాలతో బిగబట్టగూడదు మేడం. చంటిబిడ్డ వేలు పట్టుకున్నట్ల పట్టాల."

మూడోసారి పలికింది. ఆమె నవ్వలేదు గానీ, "శనివారం మా పిల్లలు పుస్తకాల సంచి తేరు. ఒక గంట వచ్చి ఇట్లాంటివి నేర్పుతారా?" అని అడిగింది.

అట్ల దొరికింది నా ఉద్యోగం. జీతం లేదు, హాజరు పుస్తకంలో సంతకం లేదు. శనివారం పెట్టే చక్కెర పొంగలి మాత్రం ఉంది.

మొదటి శనివారం వాళ్లకు నేనేమీ నేర్పలేదు. కొండ కింద బండమీద వరసగా కూర్చోబెట్టి కండ్లు మూసుకోమన్నాను. వినపడింది వినపడినట్ల చెప్పమన్నాను.

"బస్సు."

"మేక."

"వీడు ముక్కు పీలుస్తాండాడు తాతా."

"నేను కాదు, ఆ పిల్ల."

"ఇంగా?" అన్నాను.

తర్వాత ఒక సన్నటి గొంతు, "తురాయి కాయలు గలగలమంటాండాయి. గాలి వచ్చేటప్పుడు ఒక చప్పుడు, పోయేటప్పుడు ఇంగొక చప్పుడు. రెండూ ఒకటి కాదు" అనింది.

అప్పుడు మూడో తరగతి పిల్ల. అవ్వ దగ్గర పెరుగుతోంది, మాట తక్కువ. బడి వాకిట్లో ఎర్ర తురాయి చెట్టుంది. ఆకు రాలినాక దాని కాయలు ఎండి నల్లటి కత్తుల మాదిరి వేలాడుతుంటాయి. ఈ ఊర్లోనే పుట్టి, డెబ్బై ఏళ్లు వచ్చి, ఆ రెండు చప్పుళ్లూ ఒకటేననుకున్నవాణ్ణి నేను. ఆ మాట బయటపెట్టకుండా, "భలే! నేను చెప్పాలనుకున్నది కూడా అదే" అన్నాను.

ఆ పిల్ల కండ్లు తెరిచి నన్నొకసారి చూసి మళ్లీ మూసుకుంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఈమె ముందర జాగ్రత్తగా ఉండాలని.

ఆ మీదట పని బాగా సాగింది. ఇందులో గొప్పలు లేవు, బడికి పోయి చూస్తే ఇప్పటికీ కిటికీల్లో ఉన్నాయి. రాలిన తురాయి కాయలు గిలకలు అయినాయి. జొన్నదంటు మీది పెచ్చును రెండు కొసలూ ఊడకుండా సన్నగా లేపి, కింద రెండు పుల్లముక్కలు దోపితే ఒంటితీగ వీణ అయింది. ఎండిన సొరబుర్రలో కానుగ గింజలు పోసి మూత పెడితే వాన వచ్చినట్ల మోగింది. మా ఇంటామె ధర్మవరం ఆడపడుచు. వాళ్ల పుట్టింట్లో పట్టునూలు చుట్టే పని. ఆమె పోయినప్పుడల్లా మగ్గాల కింద రాలిన తునక నూలు ఒక సంచికి ఊడ్చుకొచ్చేది. మోదుగ పూలు ఉడకబెట్టిన నీళ్లలో దాన్ని ముంచితే పండిన నిమ్మకాయ రంగు తేలేది. పిల్లకాయలు ఆ నూలును గిలకలకు, బుర్రలకు చుట్టేవాళ్లు. ఎంత దగ్గరగా చుట్టాలో, ముడి కనపడకుండా కొస యాడ దూర్చాలో మా ఇంటామె వచ్చి చూపించింది. నేనే చూపించినానని టీ అంగట్లో చెప్పినాను.

మా తరగతికి ఒకటే కట్టుబాటు. రాలినది ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు. పచ్చిది తెంపాలంటే చెట్టు ఎవరిదో వాళ్లను అడగాల.

అన్నిటికన్నా పిల్లకాయలకు ఇష్టం పరంగి కాడ. పుస్తకాల్లో బొప్పాయి అంటారు. దాని ఆకు కాడ లోపల డొల్ల. ఆకు తుంచేసి, పాలు కారడం ఆగేదాకా కడిగి, మూసుకున్న కొస దగ్గర బ్లేడుతో సన్నగా ఒక చీలిక పెట్టి, ఆ కొస నోట్లోకి తీసుకొని ఊదితే ఎనుము, అదే గేదె, అరిచినట్ల అరుస్తుంది. పొడుగు కాడకు లావు గొంతు, పొట్టి కాడకు సన్న గొంతు. కింది కొస కొంచెం కొంచెం కోసే కొద్దీ స్వరం పైకి ఎక్కుతుంది. ఎక్కువ కోస్తే మళ్లీ అతికించలేము. అందుకని ఒకసారి ఊది వినాల, రోంత కోయాల, మళ్లీ ఊది వినాల. ఊరికే కూర్చోమంటే కూర్చోని పిల్లకాయలు, పరంగి కాడ చేతికిస్తే చెవి వంచి అరగంట కదలరు.

ఒక శనివారం ఒకడు అడిగినాడు. "తాతా, నీకు నిజం సన్నాయి వచ్చునా?"

"వచ్చునా అంటావేమిరా? ధర్మవరంలో నేను సన్నాయి ఎత్తితే..."

అట్ల మొదలయింది.

ఇప్పుడు ఒప్పుకుంటాను. మాది సాయిబుల ఇల్లే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా తాత, మా నాయన, మా అన్న, అందరూ సన్నాయి వాళ్లు. గుడిలో పొద్దున సేవకు మేమే, ఊర్లో పెండ్లికీ మేమే. నాకు పదేళ్లప్పుడు నాయన నా చేతికి సన్నాయి ఇచ్చి నాలుగు నెలలు చూసినాడు. చూసి, "నీకు ఊపిరి ఉండాది గానీ వేళ్లు లేవు. ఒత్తు పట్టు" అన్నాడు. ఒత్తు కూడా చూసేదానికి సన్నాయి మాదిరే ఉంటుంది. దానికి వేళ్లు ఆడించే తూట్లు ఉండవు. ఒకే స్వరం. సన్నాయి వాయించేవాడి వెనక కూర్చొని, బుగ్గల్లో గాలి నిలబెట్టుకొని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, ఆ ఒక్క స్వరాన్ని తెగకుండా పట్టుకోవాల. అదే శ్రుతి. ముప్పై ఏళ్లు మా అన్న వెనక కూర్చొని నేను చేసిన పని అది. తర్వాత కరెంటు శ్రుతిపెట్టె వచ్చింది. దానికి భోజనం పెట్టే పని లేదు, బస్సు టిక్కెట్టు లేదు. నేను ధర్మవరం పోయి, కొన్నేళ్లు అత్తగారింట్లో నూలు చుట్టి, మళ్లీ పెనుకొండకు వచ్చినాను.

ఒత్తు పట్టేవాణ్ణి ఎవరూ చూడరు. ధర్మవరంలో ఎవరింట్లోనైనా పాత పెండ్లి ఆల్బం తీస్తే మా అన్న నిండుగా ఉంటాడు, పక్కన నా మోచెయ్యి ఉంటుంది. పిల్లకాయలు అడిగిన పొద్దు, నలభై మొగాలు నన్నే చూస్తుంటే, ఆ మోచెయ్యి సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఇట్ల ఉండగా ఒక శనివారం టీచరమ్మ తరగతిలోకి వచ్చింది.

"హిందూపురంలో పిల్లల పండుగ పెడతాండారు. రొళ్ల, మడకశిర, చుట్టుపక్కల బడులన్నీ వస్తాయి. మన పిల్లలు పరంగి కాడలతో కచేరీ చేయాల. మొదట అయిదు నిమిషాలు మీ సన్నాయి. కాగితంలో రాసి పంపించేసినా."

"నాదెందుకు మేడం? పిల్లల పండుగ కదా."

"మీరు వాయిస్తే అరటిచెట్టు వంగుతుందంట కదా. అందరూ చూస్తారు."

పిల్లకాయలు చప్పట్లు కొట్టినారు. ఆ పిల్ల కూడా కొట్టింది.

మూడు వారాలు టైం. నాకు వాయించడం రాదని తెలిస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. రెండేళ్లు పిల్లలకు అబద్ధం చెప్పినవాణ్ణి ఏ టీచరమ్మ లోపలికి రానిస్తుంది? ఆ శనివారం గంట పోతే వారంలో నాకు మిగిలేది టీ అంగడి ఒకటే.

నాయన సన్నాయి పెట్టెలోంచి తీసి, గుడ్డలో చుట్టి, రోజూ పొద్దున్నే కొండెక్కినాను. ముప్పై ఏళ్లు విన్నవాణ్ణి, ప్రతి సంగతీ చెవిలో ఉంది. వేళ్లు మాత్రం నాయన చెప్పినట్లే లేవు. మూడో రోజు మేకలు మేపుకునే ఒకామె బండ వెనకనుంచి వచ్చింది.

"ఏం తాతా, ఎవరన్నా పోయినారా? ఏడుస్తాండావు?"

"సన్నాయి వాయిస్తాండా తల్లీ."

"అట్లనా! నా మేకలు భయపడి దిగిపోతాండాయి. రోంతసేపు ఆపు, తోలుకొని పోతా."

ఇంట్లో మా ఇంటామె కూడా ఊరుకోలేదు. "ముప్పై ఏండ్లు కుదరంది మూడు వారాల్లో కుదురుతుందా? టీచరమ్మకు ఉండేది ఉన్నట్ల చెప్పెయ్యి."

"చెప్తా."

"ఎప్పుడు?"

"పండుగ అయినాక."

"అయినాక నువ్వు చెప్పేదేముంది, ఆమే నీకు చెప్తుంది."

పండుగకు ముందురోజు శుక్రవారం సాయంత్రం ఒక రైతును అడిగి, ఆయన తోటలో ముప్పై కాడలు కోసుకున్నాము. వాయించేది పదకొండు మంది. మిగతావి విరిగితే ఉంటాయని. పొడుగు, నడిమి, పొట్టి, మూడు కొలతలు. ఒక్కో వరసకు ఒక్కో స్వరం. ఆ తురాయి కాయల పిల్ల, ఇప్పుడు ఐదో తరగతి, ముందర నిలబడి చెయ్యి చూపిస్తే, ఏ వరసకు చూపిస్తే ఆ వరస ఊదాల. ఆమె అవ్వ చంటిపిల్లలను ఊపేటప్పుడు కూనిరాగం తీసే పాట ఒకటి ఉంది, మాటలు లేనిది. దాన్ని మూడు స్వరాల్లో కుదించింది ఆ పిల్లే. నేను కుదించినానని చెప్పుకుందామనుకున్నాను గానీ ఆమె ఎదురుగ్గా ఉంది.

అన్నీ శ్రుతికి వచ్చినాక ఒక బకెట్లో నీళ్లు పోసి కాడలన్నీ నానబెట్టినాను.

"తాతా, పచ్చివి కదా. నానబెడితే మెత్తబడిపోవా?" అనింది ఆ పిల్ల.

"పుట్టినప్పటినుంచీ పీకలు నానబెడతాండా. నాకు చెప్పొస్తావా?"

అది సన్నాయి వాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని బుద్ధి. సన్నాయి కొసన పెట్టే పీక ఎండిన గడ్డితో చేసేది. నానబెట్టి, నోట్లో తడి చేసుకుంటే గానీ పలకదు. "పీకకు దాహం తీర్చినాకనే పాట" అనేవాడు నాయన. తేమ అంటే మాకు ప్రాణం. అందుకని తెల్లవార్లూ నీళ్లలో ఉంచినాను.

పొద్దున్నే బయలుదేరేటప్పుడు మా ఇంటామె సంచి చేతికిచ్చింది. చిత్రాన్నం డబ్బా, గుడ్డలో చుట్టిన సన్నాయి. మామూలు కంటే బరువుగా ఉంది.

"ఇంగేమి పెట్టినావు?"

"ఆకలి అయినప్పుడు చూసుకో" అనింది.

హిందూపురంలో పండుగ జరిగే బడి ఆవరణ అంతా మైకులు, రంగు బట్టలు, పౌడరు వాసన. మాది ఐదో ఐటం. మొదటివాళ్లు స్టేజీ ఎక్కినప్పుడు, నేను పిల్లకాయలను వెనక వరండాలోకి తీసుకుపోయి బకెట్టు మూత తీసినాను. ఒకడు కాడ తీసుకొని ఊదినాడు. బుస్సుమనింది. ఇంకొకడు ఊదినాడు. నీళ్లు చిమ్మినాయి. చీలికలన్నీ ఉబ్బి, పెదాలు అతుక్కుపోయినట్ల మూసుకుపోయినాయి. ముప్పై కాడల్లో ఒక్కటీ పలకలేదు. ఆ పిల్ల బకెట్టును చూసింది, నన్ను చూసింది.

పక్కన కోలాటం బట్టలు వేసుకొని నిలబడిన మడకశిర పిల్లోడొకడు నవ్వినాడు. "ఏమబ్బా, కాడలు తెచ్చినారు? వంటకా?"

సన్నాయి వచ్చునా అని నన్ను అడిగిన మావాడు ఊరుకుంటాడా? "మా తాత సన్నాయి ఎత్తనీ, మీ కోలాటం కట్టెలు చేతిలోంచి జారిపోతాయి చూడు!"

నేను గోడ వైపు తిరిగినాను. సిగ్గుతో కాదు. ఒప్పుకుంటాను, లోపల నాకు సంతోషమయింది. దేవుడే తలుపు తెరిచినాడు కదా! కాడలు చెడిపోయినాయి మేడం, మా ఐటం తీసేయండి అంటే చాలు. దాంతోబాటే నా సన్నాయి కూడా పోతుంది. వాయించలేదన్న మాట రాదు, వాయించనియ్యలేదన్న మాట వస్తుంది. వచ్చే శనివారం మళ్లీ తురాయి చెట్టు కింద కూర్చొని, హిందూపురంలో వాయించి ఉంటేనా అని మొదలుపెట్టొచ్చు.

టీచరమ్మ కోసం రెండడుగులు వేసినాను. ఆ పిల్ల నా చొక్కా పట్టుకుంది.

"తాతా, వంటగది వెనకాల పరంగి చెట్టుండాది. వచ్చేటప్పుడు చూసినా. మనకు ముందర ఇంగా నాలుగు ఐటంలు ఉండాయి."

"కోస్తే సరిపోతుందా పాపా? అన్నీ ఒక శ్రుతికి రావాల కదా. నిన్న సాయంత్రమంతా పట్టింది."

"ఎవరన్నా ఒక్క స్వరం కదలకుండా పట్టుకొని ఉంటే చాలు తాతా. దానికి విని కోసేస్తాము."

ఫోనులో శ్రుతి పెడదామని జేబు తడుముకున్నాను. ఆ మైకుల నడుమ అది దోమ పాట. సంచిలో చెయ్యి పెట్టినాను. చిత్రాన్నం డబ్బా కింద, సన్నాయి పక్కన, పాత చీర గుడ్డలో చుట్టి ఇంకొకటి ఉంది. విప్పకుండానే చేతికి తెలిసింది. నా ఒత్తు. ఇంటామె ఏ ఆకలి సంగతి చెప్పిందో అప్పుడు తెలిసింది.

కాడలు కోస్తే కచేరీ ఉంటుంది. కచేరీ ఉంటే, దానికి ముందర అయిదు నిమిషాలు నా సన్నాయి ఉంటుంది. ఇద్దరిలో ఒకరే బయటపడగలరు, నేనో, పిల్లకాయలో. పదకొండు మందీ చేతుల్లో ఆ పలకని కాడలు పట్టుకొని, నేనేదో చేస్తానని నన్నే చూస్తున్నారు.

"పదండి" అన్నాను.

వంటగది వెనక ఒకామె అంట్లు తోముతోంది. మమ్మల్ని చూసి గరిట పట్టుకొని లేచింది. "కాయ మీద చెయ్యి పడిందంటే చూడండి మళ్ల!"

"కాయ వద్దమ్మా. కాడలు ఇస్తావా అని అడగను వచ్చినాము."

"కాడలా? కాడలు తిని బతుకుతారా ఏమప్పా?"

"తినము అక్కా, ఊదుతాము" అన్నాడు మావాడు.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఇంత వయసొచ్చింది, నువ్వు కూడా ఊదుతావా?"

"నేను కూడా ఊదుతానమ్మా."

"కింద ఆకులు కోసుకోండి. మొవ్వ జోలికి పోవద్దు" అని తనే కత్తి తెచ్చి కోసిచ్చింది.

అక్కడే తొట్టి గట్టుమీద కూర్చొని ఒత్తు బయటికి తీసినాను. పిల్లకాయలు మూగినారు.

"ఇదేమి తాతా, దీనికి వేళ్లు పెట్టే తూట్లే లేవు?"

"ఇది ఒత్తు. ఒక్క స్వరమే."

"దీన్ని ఎవరు వాయిస్తారు?"

"నేను."

"మరి సన్నాయి?"

"సన్నాయి మా అన్న వాయించేవాడు. నేను వెనక కూర్చొని ఇది పట్టుకునేవాణ్ణి. నేనెప్పుడూ సన్నాయి కచేరీ చేయలేదురా. మీకు చెప్పింది అబద్ధం."

మావాడి మొగం చూడలేకపోయినాను. వాడే అడిగినాడు, "అరటిచెట్టు?"

"సరిగా కట్టలేదు."

"మగ్గాలు?"

"అన్నానికి లేచినారు."

అంట్లు తోమే ఆమె ఫక్కున నవ్వింది. పిల్లకాయలు నవ్వలేదు. ఒకడు, "మేము ఇంటికాడ అందరికీ చెప్పినాము" అన్నాడు.

ఆ పిల్ల బ్లేడు చేతిలోకి తీసుకుంది. "తాతా, ముందర ఊదు. మూడు ఐటంలే ఉండాయి."

ఊదినాను. చానా ఏళ్లయింది. మొదట పీక మొండికేసింది, నోట్లో తడిచినాక దారికి వచ్చింది. ఆ పాత స్వరం తొట్టి గోడలకు తగిలి నా చెవికే తిరిగి వచ్చింది. పిల్లకాయలు ఒక్కొక్కరే చెవి వంచి, ఊది, కోసి, మళ్లీ ఊదినారు. "ఇది కింద ఉండాది." "రోంత కొయ్యి." "చాలు, చాలు, ఆపు!" ఒకడిది ఎక్కువ తెగింది. వాణ్ణి నడిమి వరసలోంచి పొట్టి వరసలోకి మార్చింది ఆ పిల్ల. నేను నోరు తెరిచి చెప్పేదానికి లేదు, ఒత్తు నోట్లో ఉంది. బహుశా అందుకే పని అంత తొందరగా అయింది.

ఆఖరి కాడ కుదిరే వేళకు టీచరమ్మ పరుగెత్తుతూ వచ్చింది. "ఈడ ఉండారా! మనదే వస్తాంది. సన్నాయి తీసుకోండి."

"నాకు సన్నాయి రాదు మేడం. ఒత్తు ఒకటే వచ్చు. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పినా. నిన్న కాడలు నానబెట్టి చెడగొట్టింది కూడా నేనే."

ఆమె ఒక నిమిషం నా చేతిలో ఒత్తును చూసింది. "ఇప్పుడా చెప్పేది?"

"అవును మేడం."

"మీ సంగతి తర్వాత చూస్తా. పిల్లలను తీసుకొని పదండి, పదండి."

స్టేజీమీద పిల్లకాయలు మూడు వరసలు కట్టినారు. నేను వాళ్ల వెనక కింద కూర్చున్నాను. నాకు తెలిసిన చోటే అది. వెనక కూర్చోవడానికి నాకు ఏ భయమూ లేదు. శ్రుతి ఎత్తినాను. ఆ పిల్ల చెయ్యి పొడుగు వరస వైపు చూపింది. ఆరు ఎనుములు ఒక గొంతుతో పలికినట్లయింది. జనం నవ్వినారు. చెయ్యి నడిమికి పోయింది, పొట్టికి పోయింది, మళ్లీ దిగింది. ఎవరూ వాయిద్యమని అనుకోని పచ్చి కాడల్లోంచి, ఎవరి అవ్వో ఉయ్యాల ఊపుతున్నట్ల ఆ పాట వచ్చేసరికి నవ్వు తగ్గింది. నడుమ ఒకడు తప్పు ఊదినాడు. ఆ పిల్ల వాణ్ణి చూడకుండానే ఇంకోసారి అదే చోటికి చెయ్యి చూపించి, తప్పును కూడా పాటలో కలిపేసింది. నేను ఆ ఒక్క స్వరాన్ని పట్టుకొని ఉన్నాను. వాళ్లు ఎంత దూరం పోయినా తిరిగి దానిమీదికే వచ్చి నిలబడినారు.

మాకే మొదటి బహుమతి వచ్చిందని పెనుకొండ అంతా చెప్పినాను. రాలేదు. మడకశిర పిల్లల కోలాటానికి వచ్చింది. వాళ్లు బాగా ఆడినారు కూడా. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మావాడు నా పక్కన కూర్చోలేదు. టీచరమ్మ తన ఫోనులో తీసిన వీడియో వెనక సీటు పిల్లలకు చూపిస్తుంటే తొంగి చూసినాను. ఆఖరి పిల్ల పక్కన నా మోచెయ్యి కనిపిస్తోంది. ఈసారి ఉబ్బిన ఒక బుగ్గ కూడా కనిపిస్తోంది.

ఆ మరుసటి శనివారం నేను బడిలోకి పోలేదు. టీ అంగట్లో కూర్చున్నాను. గంట కొట్టినారు, ప్రార్థన అయింది. నా గ్లాసులో టీ చల్లారిపోయింది. టీచరమ్మ గేటు దాకా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఏమప్పా, లోపలికి రారా?"

"రావచ్చునా మేడం?"

"పిల్లలనే అడిగినా. ముందర తాత మాకు తప్పయిందని చెప్పాల అన్నారు. తర్వాత, ఊపిరి తెగకుండా ఎట్ల ఊదుతారో అది నేర్పాల అన్నారు."

పోయినాను. తప్పయిందని చెప్పినాను. ఇంత సన్నగా మాట్లాడటం నాకు అలవాటు లేదు, రెండుసార్లు చెప్పించినారు. మావాడు మూడోసారి కూడా అడిగినాడు గానీ అది నవ్వుకోవడానికి.

తర్వాత ఒక్కొక్కరికీ ఒక గ్లాసు నీళ్లు, ఒక సన్న పరంగి కాడ ఇచ్చినాను. కాడ నీళ్లలో పెట్టి ఊదాల. బుగ్గల్లో గాలి దాచుకొని, ముక్కుతో ఊపిరి లాగాల, అంతసేపూ బుడగలు ఆగగూడదు. మా నాయన నాకు నేర్పింది కూడా గ్లాసు నీళ్లతోనే. పరంగి కాడను నీళ్లలో పెట్టడానికి ఆఖరికి ఒక మంచి పని దొరికిందని ఎవరో అన్నారు. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. గది నిండా బుడబుడమని చప్పుడు. ఎవరిదీ నాలుగు లెక్కపెట్టేదాకా నిలవలేదు.

"తొందర పడొద్దండి" అన్నాను. నలభై మొగాలూ మళ్లీ నా వైపే ఉన్నాయి. ఉబ్బిన బుగ్గలు, తడిసిన గడ్డాలు. "ఇది నిలకడ మీద వచ్చే విద్య. హిందూపురంలో మీరు వాయించినంతసేపూ, మొదటినుంచి ఆఖరుదాకా, నా ఊపిరి ఒక్కసారి కూడా తెగలేదు. చూసినారు కదా?"

ఆ పిల్ల గ్లాసులోంచి కాడ తీసింది. "తెగింది తాతా. రెండుసార్లు. నేను విన్నా."

తలుపు దగ్గర టీచరమ్మ నిలబడి ఉంది. నేను గొంతు సవరించుకున్నాను.

"మూడుసార్లు" అన్నాను.